ఎడమ చెయ్యి, ఒకటిన్నర అంగుళం తక్కువ

కొలతల కాగితం మీద పెన్సిలుతో రాసి ఉంది:
కుడి చెయ్యి ఇరవై నాలుగు
ఎడమ చెయ్యి ఇరవై రెండున్నర.

టేపు జారిందనుకున్నాను.
చాలామందికి జారుతుంది, ఒంటరివాళ్ళకి మరీను.
వీపు కొలిచే మనిషి లేక
తలుపు గడియకి టేపు ముడేసుకుని తిప్పలు పడతారు.
నడుము దగ్గర అందరూ కాస్త అబద్ధమాడతారు
అది అలవాటే, అడక్కుండా రెండంగుళాలు కలిపి కోస్తాను.
చేతుల గురించి అబద్ధమాడినవాళ్ళని మాత్రం
ఇంతవరకు చూడలేదు.

డనీడిన్‌లో వాన. షాపులో మైనం వాసన.
ఓమరామాకి ఉత్తరం రాశాను:
"మెకెక్నీ గారికి,
ఎడమ చెయ్యి మరోసారి కొలవండి.
గుర్రపు తోలు, ఒకసారి కోస్తే
క్షమించమన్నా వినదు."

తొమ్మిదో రోజున జవాబు:
"కొలత సరిగ్గానే ఉంది, ట్రెగేర్ గారూ.
గ్లైడర్లకి తాడు కట్టి పైకి లాక్కెళ్ళే విమానం నాది.
ఇరవై రెండేళ్ళు లాగాను.
ఒక నవంబరులో కొండగాలి నన్ను
గొర్రెల కంచె మీద దించింది.
ఎముక అతికింది, కానీ దానికి నచ్చినట్టు అతికింది.
అప్పట్నుంచీ చొక్కా ఏదైనా
ఎడమవైపు ఒక మడత.
ఈ ఒక్కటీ మడత లేకుండా కావాలి.
ఇంకోటి. జేబుల్లో చేతులు పెట్టుకునే వీలుండాలి.
పాత నమూనాలో ఉండదని తెలుసు,
సైనికుడన్నవాడు జేబులో చేతులు పెట్టరాదట కదా.
నేను సైనికురాలిని కాను. నాకు చలి."

రోనా, అని సంతకం. కింద
అడ్వాన్సు చెక్కు, పిన్నుతో.

గోడ మేకుకి వేలాడుతోంది నా పాతది,
నలభై మూడో సంవత్సరపు జాకెట్,
వేలంలో కొన్నాను, కుట్లన్నీ విప్పి
కాగితం మీద పరిచి గీత గీసి
మళ్ళీ కుట్టి అక్కడే తగిలించాను.
మెడ కింద లోపలి గుడ్డ మీద
మూడు పేర్లు సిరాతో. రెండిటి మీద కొట్టివేత.
ఒకటే సైజు, ముగ్గురు మనుషులు.
సరిపోయిందా అని
అడిగేవాళ్ళు ఉండి ఉండరు.

చాలా ఏళ్ళ తర్వాత దాన్ని దింపాను.
ఎడమ మణికట్టు దగ్గర
అల్లిక పట్టీని ఎవరో విప్పి, కాస్త పైకి జరిపి
తెల్లదారంతో తిరిగి కుట్టుకున్నారు.
కుట్టు రాని చెయ్యి. తోలు సూదికి లొంగక
వేలు ఎన్నిసార్లు గుచ్చుకుందో.
ఒక కుట్టు దగ్గరగా, ఒకటి దూరంగా, చివర
నాలుగు ముళ్ళు, ఊడిపోతుందన్న భయంతో.

నాకు తెలుసు ఆ కుట్టు సంగతి.
మొదటి రోజే చూశాను.
పాడైపోయిందనుకుని
కుడి చేతినే గీసి, కాగితం తిరగేసి
అదే ఎడమ చెయ్యి అన్నాను.
పదహారేళ్ళు అలాగే అమ్మాను,
అచ్చం అసలుదానిలా, అని బోర్డు రాసి.

కొలిచాను. ముప్పావు అంగుళం.
ఎవడో కుర్రాడు, పుట్టుకతోనో, పడటం వల్లనో,
దీపాలు ఆర్పే వేళ మంచం మీద కూచుని
ప్రభుత్వ ఆస్తి అని ముద్ర కొట్టిన తోలుని
తన చేతికి తగ్గించుకున్నాడు.
మూడు పేర్లలో ఎవరిదో తెలీదు.
కొట్టివెయ్యని పేరుదే కావాలని ఎందుకో అనిపించింది.

వాన తగ్గలేదు. దీపం దగ్గరికి లాక్కున్నాను.
ఈసారి కాగితం తిరగెయ్యలేదు.
ఎడమ చేతికి వేరే కాగితం,
దాని మీద పెన్సిలుతో రోనా పేరు, ఇరవై రెండున్నర.
తర్వాత జేబులకి పక్క కోత,
లోపల ఉన్ని గుడ్డ, బిల్లులో లేనిది.

ఎడమ చెయ్యి తక్కువని ధర తగ్గించమని
ఆవిడ అడగలేదు. నేనూ తగ్గించలేదు.
ఆ ఒకటిన్నర అంగుళం ముక్కని
బ్రౌను కవరులో మడిచి
కుడి జేబులో పెట్టి పంపాను.